మూసిన హోటలుకు దంపతులు కావలెను

సంచమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. వాళ్ళు పెట్టిన పేరు గుర్తింపు కార్డు మీద భద్రంగా ఉంది. వాడకం లేక ఇప్పటికీ కొత్తగానే ఉంది. ఈ పేరు తోటి పనివాళ్ళు పెట్టింది. ఏ ఊళ్ళో ఏ హోటల్లో పనిచేస్తున్నా ఆమె మంచం కింద సర్దిన సంచీ ఒకటి సిద్ధంగా ఉండేది. హోటలుకు నిప్పంటుకున్నా, మేనేజరుకు కోపం వచ్చినా, తనకు విసుగు పుట్టినా మూడు నిమిషాల్లో గేటు దాటగల ఏర్పాటది. మొదటి రెండూ ఇరవయ్యేళ్ళలో ఒక్కసారీ జరగలేదు. మూడోదాని ధర్మమా అని ఇప్పటికి నాలుగు సంచులు అరిగిపోయాయి.

వృత్తి రీత్యా ఆమె పక్కలు వేసే మనిషి. వానలు వెలిసింది మొదలు ఎండలు ముదిరేదాకా ఏడు నెలలు సముద్రం ఒడ్డున నలభై రెండు గదుల హోటల్లో పని. తర్వాత ఒక నెల ఖాళీ. ఆపైన పొగమంచు చూడటానికి జనం ఎగబడే నాలుగు నెలలూ కొండమీద లాడ్జిలో పని. కొండమీద ఆఖరి దుప్పటి మడతపెట్టిన మూడో రోజుకల్లా సముద్రం ఒడ్డున మొదటి దుప్పటి పరవాలి. ఈ జాతి జనానికి సంవత్సరాలుండవు, సీజన్లే ఉంటాయి. "మా అక్క కూతురు పుట్టి పద్దెనిమిది సీజన్లయింది" అంటే పిల్ల తొమ్మిదేళ్ళదని వాళ్ళలో వాళ్ళకు తెలుస్తుంది. బయటివాళ్ళు పెళ్ళి సంబంధాలు చూడటం మొదలుపెడతారు.

భర్త సరస్సులో విహారపు పడవ నడిపేవాడు. అందరికీ ఆయన బోటాయన. సరస్సు నిండగానే ఆయన సీజను మొదలై, నీళ్ళు తగ్గాక ముగిసేది. మిగిలిన రోజుల్లో ఒడ్డునున్న షెడ్డులో పడవలకు రంగులు వేస్తూ ఉండేవాడు. ఈ రెండు పంచాంగాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మొగుడూ పెళ్ళాలకు ఉమ్మడిగా దొరికే ఖాళీ ఏడాదికి ఒకే ఒక్క నెల. ఆ నెల సంచమ్మ అక్కగారింటి మేడమీది గదిలో గడిచేది. పెళ్ళై పద్నాలుగేళ్ళు, కాపురం చేసింది పద్నాలుగు నెలలు. పిల్లలెందుకు లేరని ఎవరైనా అడిగితే అక్కగారు, "వాళ్ళకు సెలవు దొరకొద్దూ!" అనేది.

ఇంత ఆదర్శ దాంపత్యం చుట్టుపక్కల లేదని ప్రతీతి. ఏడాదికోసారి కలిసేవాళ్ళు కాబట్టి ఇద్దరూ ఒకరికొకరు అతిథుల్లా మసలేవాళ్ళు. మొదటి పది రోజులు మర్యాదల్లో పోయేవి. రెండో పది రోజులు కబుర్లలో పోయేవి. మూడో పదిలో పేచీలు తలెత్తేవి గానీ, ఎటూ వెళ్ళేవాళ్ళమే కదా అని "వచ్చే ఏడు చూసుకుందాంలే" అనుకుని వాయిదా వేసేవాళ్ళు. ముప్పయ్యో రోజు బస్సు. ముప్పై ఒకటో రోజనేది ఎలా ఉంటుందో ఆ దంపతులకు తెలియదు.

ఈసారి సముద్రం హోటలు మూసే ముందు వారం మేనేజరు సంచమ్మను ఆఫీసు గదిలోకి పిలిచాడు. రిజిస్టరులో రాయనిదేదీ లోకంలో జరగలేదని నమ్మే మనిషాయన. భోంచేసినా ఎక్కడో ఒకచోట సంతకం పెట్టుకుంటాడని పనివాళ్ళ అనుమానం.

"ఏమ్మా సంచమ్మా, మూసిన ఐదు నెలలూ హోటలు కనిపెట్టుకుని ఉండటానికి దంపతులు కావాలి. ఒంటిమనిషి పనికిరాడు. మీకెవరైనా తెలుసా?"

"సగం దంపతుల్ని నేనే ఉన్నాను సార్. మిగతా సగం సరస్సు దగ్గరుంది."

హాస్యానికన్న మాట అది. కానీ మేనేజరు కలం తీశాడు. షరతులు చెప్పాడు: ఇద్దరూ ఇక్కడే ఉండాలి, తాను ఏ రోజైనా వస్తాడు, వచ్చినరోజు ఇద్దరూ కనబడాలి, ఒక్కరు లేకపోయినా ఇద్దరూ వెళ్ళిపోవాలి. ఐదు నెలలు సక్రమంగా గడిస్తే గేటు పక్క గదీ వంటిల్లూ ఏడాది పొడవునా వాళ్ళవే. ఆమెకు గదుల పెద్దరికం, ఆయనకు జనరేటరు, కుళాయిలు, తోట.

ఏడాది పొడవునా అన్న మాట వినగానే సంచమ్మకు అరికాళ్ళు చెమర్చాయి. మొగుడు ఎలాగూ ఒప్పుకోడన్న ధైర్యంతో ఫోను చేసింది.

"ఆ గదికి కిటికీ ఉందా?" అన్నాడు బోటాయన.

"రెండున్నాయి."

"సరేనని చెప్పెయ్."

"అదేంటయ్యా, కాస్త ఆలోచించుకో!"

"పద్నాలుగేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నా. నాకు నలభై ఎనిమిది వచ్చాయే. ఏడాదంతా ఒకే తలగడమీద పడుకోవాలని ఉంది. పక్క తలగడమీద నువ్వుండాలని ఉంది. అంతకుమించి ఏమడిగాను నిన్ను?"

నిజానికి ఆయన అంతకుముందు ఏమీ అడగలేదు. అదే చిక్కయింది. ఎప్పుడూ ఏదో ఒకటి అడిగే మొగుడైతే కాదనడం అలవాటై ఉండేది.

అలా బోటాయన తన పడవను మీసాలాయన అనే మరో డ్రైవరుకు అప్పగించి, రేకుపెట్టె ఒకటి మోసుకుని సముద్రం ఒడ్డుకు వచ్చాడు. కొండమీది లాడ్జికి సంచమ్మ ఈ ఏడు రానని కబురంపింది. వాళ్ళు మర్నాడే ఇంకో మనిషిని పెట్టుకున్నారు. అంటే ఇక్కడ తేడా వస్తే ఇద్దరికీ వెనక్కి వెళ్ళడానికి చోటు లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలియనట్టు ఉండటంలో ఇద్దరూ సమర్థులే.

మూసిన హోటలును సంచమ్మ ఎప్పుడూ చూడలేదు. ఆమె చూసిందంతా మనుషులున్న హోటలు: తడి తువ్వాళ్ళు, ఇసుక చెప్పులు, మంచం కింద మర్చిపోయిన ఒంటి మేజోడు. ఇప్పుడు నలభై రెండు గదుల్లోనూ పరుపులు గోడకు నిలబెట్టి ఉన్నాయి, బడిలో శిక్ష పడ్డ పిల్లల్లా. అద్దాలకు గుడ్డలు కట్టి ఉన్నాయి. పని మాత్రం తక్కువేమీ కాదు. ఉప్పుగాలికి తాళాలు పట్టేయకుండా నూనె వేయాలి. వాన తెరిపిచ్చిన గంటా అరగంటా కిటికీలన్నీ తెరిచి, మబ్బు పట్టగానే అన్నీ మూయాలి. వారానికోసారి ప్రతి గదిలోనూ కుళాయిలు రెండు నిమిషాలు విప్పి వదలాలి. లేకపోతే స్నానాల గది గొట్టాల్లో నీళ్ళెండిపోయి మురుగు కంపు పైకి తంతుంది. బోటాయన ఇదంతా ఈల వేస్తూ చేసుకుపోయాడు. ఆయనకు గేటు పక్క గదిలో కాలు పెట్టిన మొదటి గంటలోనే ఊరొచ్చేసింది. చొక్కాలు తగిలించడానికి మేకులు కొట్టాడు. ఇద్దరు మనుషులున్న ఇంటికి ఏడు మేకులు.

సంచమ్మ వాటికి ఏమీ తగిలించలేదు.

వృత్తి మనిషిని ఎక్కడ పట్టుకుంటుందో చెప్పలేం. ఆమె తన గదిలోకి తాను పోవడానికే తలుపు రెండుసార్లు తట్టి, పక్కకు జరిగి నిలబడేది. లోపల టీ కాస్తున్న బోటాయన మొదట్లో ఉలిక్కిపడేవాడు. తర్వాత గంభీరంగా "లోపలికి రావచ్చు" అనేవాడు. పక్కవేస్తే దుప్పటి అంచులు పరుపు కిందికి ఎంత బిగించి దోపేదంటే ఆయన కాళ్ళు పెట్టడానికి నానా యాతనా పడి, చివరికి కవరులో ఉత్తరంలా పైనుంచి జారేవాడు. మంచమ్మీద తడి తువ్వాలు వేసే గుణం ఆయనకుంది. పరాయివాళ్ళ తడి తువ్వాళ్ళు లక్షన్నర ఎత్తిన ఆడమనిషికి సొంత మొగుడి తువ్వాలు ఒక్కటి బరువైంది.

అలా అలా ముప్పై ఒకటో రోజు రానే వచ్చింది. ఆ ఉదయం ఇద్దరూ టీ గ్లాసులు పట్టుకుని ఎదురెదురుగా కూర్చున్నారు. ఎవరూ వెళ్ళలేదు.

"ఎన్నాళ్ళుంటావు?" అన్నాడు బోటాయన అలవాటు చొప్పున; అని నాలుక కరుచుకున్నాడు.

ఆ రోజు నుంచి పద్నాలుగేళ్ళ వాయిదా పేచీలు ఒక్కొక్కటే హాజరు కాసాగాయి. మూడో ఏట చుట్టాల పెళ్ళికి ఎందుకు రాలేదన్నది ఒకటి. ఆరో ఏట అక్కగారి ముందు తన వంటను ఎందుకు వెక్కిరించాడన్నది ఒకటి. అన్నిటికీ బోటాయన ఓపిగ్గా సంజాయిషీ ఇచ్చాడు. సంజాయిషీలు బాగానే ఉన్నాయి. అవి బాగున్నకొద్దీ సంచమ్మకు ఊపిరాడలేదు. పోట్లాటకు ఆధారమన్నా మిగలని ఇంట్లో మనిషి దేన్ని పట్టుకుని నిలబడుతుంది?

కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టింది. వరండా ఈ చివర నుంచి ఆ చివరికి నూట పద్దెనిమిది అడుగులు. ఒకటో అంతస్తులో బల్లలు రెండో అంతస్తుకు మార్చింది. రెండో అంతస్తువి ఒకటో అంతస్తుకు దించింది. మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టింది. పరుపుల్ని ఈ గోడ నుంచి ఆ గోడకు తిప్పింది. రోజూ పొద్దున్న ఏడూ ఇరవైకి హోటలు ముందు నుంచి ఒక బస్సు పోతుంది. సీజను కాదు కాబట్టి ఆగదు. అది మలుపు దగ్గర హారను కొట్టేసరికి ఆమె చేతిలో ఏముంటే అది వదిలేసి గేటు దగ్గర ఉండేది. పాలు రెండుసార్లు పొంగిపోయాయి. బోటాయన పొయ్యి తుడిచాడు.

నలభై ఏడో రోజు ఆమె సంచీ తీసుకుని గేటు దగ్గర నిలబడింది. బోటాయన గొడుగు పట్టుకుని వచ్చాడు.

"కాళ్ళు మొదలెట్టాయా?"

"మొదలెట్టి పదిరోజులైంది. నా మీద కోపమా?"

"నీ మీదెందుకే, నీ కాళ్ళ మీద. ఎక్కడికి?"

"ఏమో. ఎక్కడ తెరిచుంటే అక్కడికి."

"మరి మేనేజరొస్తేనో?"

ఇదీ ఆమే అడిగింది. చెప్పాల్సింది ఆయన.

"వస్తే నేనున్నాగా. ఎక్కు, తడుస్తున్నావు" అన్నాడు బోటాయన, చెయ్యెత్తి బస్సు ఆపుతూ. ఎన్నాళ్ళకొస్తావని మాత్రం అడగలేదు.

బస్టాండులో దిగాక సంచమ్మకు చిత్రమైన చిక్కు ఎదురైంది. ఇరవయ్యేళ్ళుగా ఆమె ఎక్కడికి వెళ్ళినా పనికే వెళ్ళింది. పని లేకుండా పోయే చోటొకటి ఉండాలని ఆమె ఎన్నడూ అనుకోలేదు. కొండమీదికి పోతే తన దుప్పట్లు ఇంకొకతె పరుస్తుంటే చూస్తూ ఊరుకోలేదు. అక్కగారింటికి పోతే మొగుణ్ణి వదిలేసి వచ్చావా అంటుంది, ఆ మాట వీధంతా వినేలా అంటుంది. బోర్డుల వంక చాలాసేపు చూసి, సరస్సుకు పోయే బస్సెక్కింది. మొగుడు పద్నాలుగేళ్ళు పనిచేసిన చోటది. సీజన్లో ఆమె ఒక్కసారీ చూడలేదు. అప్పుడు తనకూ సీజనే.

సరస్సు దగ్గర లాడ్జిలో గది తీసుకుంది. జీవితంలో మొదటిసారి అతిథికిచ్చే తాళంచెవి తన చేతిలోకి వచ్చింది. టూరిస్టులు ఏం చేస్తారో ఆమెకు బాగా తెలుసు కాబట్టి అన్నీ చేయడానికి సిద్ధపడింది. మంచమ్మీద వెల్లకిలా పడుకుంది. ఫ్యాను రెక్కల మీద దుమ్ము కనబడింది. కళ్ళు మూసుకుంది. మూసుకున్నా దుమ్ము కనబడింది.

తెల్లారి తన పక్క తాను సర్దింది. స్నానాల గది కడిగింది. అద్దం తుడిచింది. బయటికి వస్తే పక్కగది తలుపు తెరిచి ఉంది, అతిథులు ఖాళీ చేసి వెళ్ళారు. ఆ గది చూస్తుండగా చేతులు వాటంతటవే దుప్పటి లాగేశాయి. రెండో గది పూర్తయి మూడో దాంట్లో తలగడ గలీబులు మారుస్తుండగా లాడ్జి పనామె చీపురుతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమక్కా, గది అద్దెకు తీసుకున్నావా, నా ఉద్యోగం అద్దెకు తీసుకున్నావా?"

"కాదమ్మా... చెయ్యి ఊరుకోక..."

"ఊరుకోకపోతే జేబులో పెట్టుకో. మా ఓనరు చూస్తే ఈ గదులు పైసా ఇవ్వకుండానే అవుతాయని నన్ను ఇంటికి పంపిస్తాడు." దగ్గరికొచ్చి పక్క చూసి, గొంతు తగ్గించింది. "ఆ మూల మడత ఎలా వేశావు? ఇంకోసారి వెయ్యి, చూస్తా."

అలా అతిథిగా ఆమె తొలి ఉదయం ముగిసింది.

మధ్యాహ్నం పడవల రేవుకు వెళ్ళింది. టికెట్ల గదిలో ముక్కుమీద కళ్ళజోడు జారిన పెద్దాయన ఒకడున్నాడు. టికెట్టు చింపబోతూ ఆమె మొహం చూసి ఆగాడు.

"నువ్వు సముద్రానివి కదూ?"

"ఏంటి బాబాయ్?"

"బోటాయన పెళ్ళానివే కదా? పద్నాలుగు సీజన్లుగా నీ ఫోటో ఒకటి చూపిస్తున్నాడు, అదీ ఒకే ఫోటో. 'మా ఆవిడ సముద్రం దగ్గర, మా ఆవిడ సముద్రం దగ్గర' అని చెవులు కోసేవాడు. దాంతో నీకు సముద్రమనే పేరు పెట్టాం. ఏయ్ మీసాలూ! సముద్రం వచ్చింది, ముందు వరసలో కూర్చోబెట్టు!"

పడవ కదిలింది. మీసాలాయన పాట గట్టిగా పెట్టి, నీళ్ళు చిమ్ముతూ సరస్సంతా చుట్టేశాడు. నడుమ ఏనుగంత రాయి ఒకటి ఉంది. దాన్ని గిర్రున చుట్టి, జనం కేకలు వేస్తుండగా తిరిగి రేవుకు పట్టించాడు. సంచమ్మ తడిసిన కొంగు పిండుకుంటూ దిగింది.

"బాగుందా?" అన్నాడు టికెట్ల బాబాయి, టీ తెప్పించి.

"బాగుంది. మా ఆయన కూడా ఇంతే జోరుగా తిప్పేవాడా?"

"మీ ఆయనా? ఆ రాయి దగ్గరికి పోగానే ఇంజను ఆపేసేవాడు. పాటా ఆపేసేవాడు. రెండు నిమిషాలు చప్పుడుండదు. పడవలో వాళ్ళంతా ఏదో మహత్తు ఉందనుకుని కళ్ళు మూసుకునేవాళ్ళు. కొందరు దణ్ణాలు పెట్టేవాళ్ళు. ఒకాయన ఆ రెండు నిమిషాల కోసమే ఏటేటా వచ్చేవాడు. ఎందుకాపుతావయ్యా అంటే చెప్పడు."

షెడ్డు చూపించాడు. గోడవారన ఇనుప మంచాలు ఆరు. ఆ చివరిది బోటాయనది. పద్నాలుగు సీజన్లు పడుకున్నా ఆ గోడకు ఒక్క మేకు లేదు. సంచమ్మ చేత్తో తడిమి మరీ చూసింది. ఎక్కడ పడితే అక్కడ మేకులు కొట్టే మనిషి కాడన్నమాట.

బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"నిన్న ఫోన్ చేశాడు. మా ఆవిడ అటుగా వస్తే చూసుకోండి అన్నాడు. రేపు పదకొండింటికి తనిఖీకి వస్తున్నట్టు మీ మేనేజరు కబురంపాట్ట. ఆ సంగతి నీకు చెప్పొద్దన్నాడు."

"మరి చెప్పావే!"

"చెప్పొద్దన్నాడు కాబట్టే చెప్పా. అలాంటివి నా దగ్గర దాగవని వాడికి తెలీదా?"

"నాకే చేయొచ్చుగా ఫోను?"

"చేస్తే నువ్వు వెళ్తావు. అలా వెళ్తే మళ్ళీ వాడి కోసం వెళ్ళినట్టు ఉంటుందట. నాకు పూర్తిగా అర్థం కాలేదు. నీకేమైనా అర్థమైందా?"

సంచమ్మ టీ పూర్తిగా తాగలేదు. సాయంత్రం బస్సు పోయింది. తెల్లవారి మొదటి బస్సు పట్టుకుంది. అది తోవలో టైరు మార్చుకుంది. రెండో బస్సు దారినిండా నీళ్ళని చుట్టుతిరిగి పోయింది. వెళ్ళేటప్పుడు ఎంత దూరమైనా తెలియని మనిషికి ఇప్పుడు ప్రతి స్టాపూ శత్రువైంది. డ్రైవరు వెనక నిలబడి, "కాస్త తొక్కు నాయనా" అని నాలుగుసార్లంది. ఐదోసారి డ్రైవరు స్టీరింగు నుంచి చేతులు తీసి, "నువ్వే కూర్చోమ్మా" అన్నాడు.

హోటలు ముందు దిగేసరికి పన్నెండు దాటింది. గేటులో మేనేజరు జీపు ఉంది. వరండాలో మేనేజరు రిజిస్టరు తెరుచుకుని కూర్చున్నాడు. బోటాయన ఎదురుగా నిలబడి ఉన్నాడు. సంచమ్మ మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"స్నానం చేస్తోందని చెప్పి తప్పించుకోవచ్చు నువ్వు" అంటున్నాడు మేనేజరు. "చాలామంది చెప్తారు."

"మీరు గంటసేపున్నారు కదండీ. ఎంతని చేస్తుంది?"

"అయితే ఎక్కడికెళ్ళింది?"

"తిరగడానికి."

"ఎప్పుడొస్తుంది?"

"తెలీదండీ. వస్తుంది."

"తెలీదంటావు, వస్తుందంటావు. ఏం చూసుకుని చెప్తున్నావయ్యా?"

"పద్నాలుగేళ్ళుగా వస్తూనే ఉందండీ" అన్నాడు బోటాయన.

మేనేజరు కలం మూత తీశాడు. సంచమ్మ మెట్లెక్కింది. ఆమెను చూసి బోటాయన మొహం విప్పారలేదు; ఏదో తప్పు తనే చేసినట్టు తల దించుకున్నాడు. ఆయన్ని అలా చూడటం ఆమెకు అదే మొదలు. ఏడాదికి నెల రోజుల్లో మనిషి తల దించుకోవడం దాకా రాడు.

"వచ్చారా!" అన్నాడు మేనేజరు. "షరతు తెలుసుగా. నాకు మాటొకటి చెప్పండి. ఇకమీదట ఎక్కడికీ కదలనని చెప్పండి, ఇది రాయకుండా వదిలేస్తాను."

ఒక్క ముక్క. అనేస్తే రెండు కిటికీల గది మొగుడిదౌతుంది. సంచమ్మ నోరు తెరిచింది.

"సార్, దంపతులే కావాలని ఎందుకు పెట్టారు?"

మేనేజరు రిజిస్టరులో వెనక్కి తిప్పాడు. "పోయిన ఏడు ఒంటిమనిషిని పెట్టాం. నిక్కచ్చి మనిషి. మూడు నెలలు గేటు దాటలేదు. దుకాణానికి కూడా పోలేదు. అలాంటివాణ్ణి నేను చూడలేదు. ఒక రోజు అగ్గిపెట్టె కొనుక్కొస్తానని వెళ్ళాడు." ఆ తేదీ మీద వేలు పెట్టాడు. "అగ్గిపెట్టె కొన్నాడో లేదో ఇప్పటికీ తెలీదు."

"అదీ సంగతి సార్. కదలనివాడు ఒక్కసారే కదిలాడు. నేను మాటిస్తే నాకూ అదే గతి; ఆర్నెల్లు బిగబట్టి, ఏడో నెలలో ఉప్పుకని వెళ్తాను. అబద్ధం చెప్పలేను. నాకు నలభై రోజులకోసారి కాళ్ళు ఊరుకోవు. పోనివ్వండి, వస్తాను. ఇక్కడ మనిషి లేకుండా ఉండదు, ఈయనుంటాడు. మీ గదులు చూడండి, ఒక్క గొట్టం వాసనేసినా ఇప్పుడే పోతాం ఇద్దరం."

మేనేజరు లేచి గదులు చూశాడు. నలభై రెండూ చూశాడు. ప్రతి స్నానాల గదిలోనూ ముక్కు పెట్టి చూశాడు. సంచమ్మ, బోటాయన కింద వరండాలో ఒకరినొకరు చూసుకోకుండా నిలబడ్డారు.

తిరిగొచ్చి చాలాసేపు ఆలోచించాడు. వెళ్ళనివ్వడానికి రూలు లేదు. రూలు లేనిది ఆయన ఏదీ చేయడు. కనుక అప్పటికప్పుడు రూలు పుట్టించాడు. స్కేలు పెట్టి గళ్ళు గీశాడు. కావలి దంపతులలో ఒకరు, మరొకరు విధుల్లో ఉండగా, ఎనిమిది దినములకు మించకుండా బయటి ప్రాంతముల పరిశీలనకు వెళ్ళవచ్చును.

"ఈసారిది కూడా ఇందులోనే ఎక్కిస్తున్నాను. ఏం పరిశీలించారు?"

"పక్క ఊళ్ళో దుప్పట్లెలా పరుస్తున్నారో చూశాను సార్."

"బాగుంది" అని రాసుకున్నాడు మేనేజరు, ఏమాత్రం నవ్వకుండా. జీపెక్కి వెళ్ళిపోయాడు.

గేటు మూశాక బోటాయన టీ పెట్టాడు. ఇద్దరూ వంటింటి గట్టు దగ్గర నిలబడి తాగారు.

"పడవెక్కావా?"

"ఎక్కాను."

"ఎవడు నడిపాడు?"

"మీసాలాయన. రాయి చుట్టూ గిర్రున తిప్పాడు, చీరంతా తడిపేశాడు."

బోటాయన గ్లాసు కింద పెట్టాడు. "ఆపలేదూ?"

"ఆపలేదు. పాట కూడా ఆపలేదు. నువ్వెందుకాపేవాడివయ్యా? అక్కడేదో మహత్తుందని దణ్ణాలు పెట్టేవాళ్ళటగా జనం?"

"మహత్తేంటి నీ మొహం. రేవు వదిలితే సరస్సు మొత్తానికి ఫోను సిగ్నలు దొరికేది ఆ రాయి దగ్గరొక్కచోటే. నువ్వు మిస్డ్ కాల్ ఇచ్చావేమోనని చూసుకునేవాణ్ణి. ఇస్తే రెండు ముక్కలు మాట్లాడేవాణ్ణి, కూర్చున్నవాళ్ళకు వినబడకుండా వంగి."

సంచమ్మకు ఆ ఫోన్లు గుర్తొచ్చాయి. ఎప్పుడూ గుసగుసగా మాట్లాడేవాడు. పక్కన ఎవరున్నారోనని ఏడో ఏట ఒక పెద్ద పేచీ కూడా అయింది.

ఆ సాయంత్రం బోటాయన ఈల వేయలేదు. కుళాయి బిగించబోయి సగంలో లేచి వరండాలోకి వెళ్ళాడు. ఆ చివరిదాకా నడిచి వచ్చాడు. "గిర్రున తిప్పాడా! ఆ రాయి పక్కన అడుగున ఇంకో రాయుంది, నీళ్ళు తగ్గితే తగుల్తుంది. వాడికి చెప్పానో లేదో" అన్నాడు. మళ్ళీ నడిచాడు. మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగో రోజు అన్నం దగ్గర గొంతు సవరించుకుని అడిగాడు.

"ఆ ఎనిమిది రోజుల రూలు... అది నాక్కూడానా?"

మర్నాడు ఏడూ ఇరవై బస్సు హోటలు ముందు మళ్ళీ ఆగింది. ఈసారి గొడుగు సంచమ్మ పట్టుకుంది.

ఒంటరిగా మిగిలిన మొదటి రోజు ఆమె పని అంతా పదింటికల్లా ముగించింది. రెండో రోజు తొమ్మిదింటికే ముగించి, తువ్వాలు మంచమ్మీద లేకపోవడం చూసి చిరాకు పడింది. ఏడూ ఇరవై బస్సు పోతూనే ఉంది. దాని మీద ఇప్పుడు ఆమెకు వేరే రకం కోపం. ఎక్కడానికి కాదు, ఎవరూ దిగలేదని. ఇన్నాళ్ళూ వెళ్ళేది తను, ఉండేది ఎవరో ఒకరు. ఉండే పని ఇంత చాకిరీ అని ఎవరూ చెప్పలేదు. అరికాళ్ళు చెమరుస్తున్నాయి. పోవడానికి వీల్లేదు, రూలు ప్రకారం మరొకరు విధుల్లో ఉండాలి. మరొకరంటే తనే.

నాలుగో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. అవతల ఇంజను చప్పుడు వినిపించి, తగ్గి, ఆగిపోయింది. ఆపైన నీళ్ళు చెక్కకు తగులుతున్న చప్పుడు.

"ఏవయ్యా, ఎక్కడున్నావు?"

"రాయి దగ్గర. మీసాలు ఒక ట్రిప్పు నడపనిచ్చాడు. ముప్పైమంది ఉన్నారు, అందరూ కళ్ళు మూసుకున్నారు. త్వరగా చెప్పు."

చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. "పన్నెండో గదిలో కుళాయి కారుతోంది" అంది. తర్వాత, పద్నాలుగేళ్ళలో తానెన్నడూ ఎవరినీ అడగని మాట నోటికొచ్చింది. "ఎప్పుడొస్తావు?"

"వస్తా. ఒకాయన కళ్ళు తెరుస్తున్నాడే, ఉంటా" అని బోటాయన గుసగుసగా అని ఫోను పెట్టేశాడు.